హద్దురాయి మీద సున్నపు బాణం

పోయిన వారం కథ తుమ్మకంప దగ్గర ఆగింది. ఆ కంప దాకా ఎట్లా వచ్చామో ఒకసారి గుర్తు చేసి ముందుకు పోతాను.

నరసరావుపేటలో పళ్ల డాక్టరు శ్రీహరి గారు పెట్టిన సైకిల్ బృందం ఆ ఆదివారం ఎత్తిపోతల జలపాతానికి బయలుదేరింది. పిడుగురాళ్ల హైవే మీద లారీల మధ్య కాకుండా పొలాల మధ్యగా పోయే దారి చూపించే పని నాకు అప్పగించారు. బృందంలో పల్లెటూరి మనిషిని నేనొక్కదాన్నే. పేరు కీర్తన. కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. దారి మా ఊరు ఉప్పలగుంట మీదుగానే పోవాలని పట్టుబట్టింది నేనే. ముందు రోజు సాయంత్రం నేనూ మా నాన్న యోహానూ కలిసి మలుపు మలుపుకీ సున్నంతో బాణం గుర్తులు వేశాం. తెల్లారి సైకిళ్లు మా ఊరి పొలిమేరకు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప పడేసి ఉంది. కంప అవతల ఊరి జనం ఉన్నారు. ఆ జనంలో మా నాన్న ఉన్నాడు.

నా వెనక సైకిళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడబోయి ఆగాయి. ఆ చప్పుడుకు పక్క చేలో మిరపకాయలు కోస్తున్న కూలీలు నడుములెత్తి చూశారు.

"నాన్నా, ఏంది ఇది?" అన్నాను.

నాన్న తలెత్తలేదు. ఆయన కాళ్ల దగ్గర మా అమ్మ పంపిన చల్లబిందె ఉంది. మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. అందరం ఊరి బడి దగ్గర ఆగి, తలా గ్లాసు చల్ల తాగి పోవాలని మా ఏర్పాటు. "ఆదివారం పూట ఆరాధన మానుకొని సైకిళ్లేందమ్మా" అని రెండు రోజులు సణిగి, చివరికి తనే ఇంటింటికీ తిరిగి పెరుగు పోగు చేసి చిలికింది అమ్మ. ఆ బిందె బడి దగ్గర ఉండాలి. బడికి పోతున్న మనిషిని జనం దారిలోనే ఆపి ఇటు తీసుకొచ్చినట్టున్నారు.

"మీ నాయన్ని అడుగుతావేందే? నన్నడుగు" అంది కంప అవతల నుంచి మల్లీశ్వరత్త.

మల్లీశ్వరత్త మాకు చుట్టం కాదు. మా చేను పక్కచేను ఆమెది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటోంది. కాలువ వచ్చినప్పుడు ఒక పూట మా నాన్న ఆమె చేనుకు నీళ్ల మడవ తిప్పుతాడు, ఒక పూట ఆమె మా చేనుకు తిప్పుతుంది. నేను డిగ్రీలో చేరడానికి పోయే రోజున "బోసి చెవులతో పోతావా టౌనుకి" అని తన జూకాలు తీసి నా చెవులకు పెట్టిన మనిషి. ఆ మనిషి నన్ను అట్లాంటి గొంతుతో పిలవడం అదే మొదలు.

"అత్తా, వీళ్లంతా నాతో వచ్చినవాళ్లు. నెల నుంచీ చెప్తన్నాను గదా, సైకిళ్ల మీద వస్తామని."

"చెప్పావు. సైకిళ్ల మీద వస్తామన్నావు. కొలతలకు వస్తామని చెప్పలా."

డాక్టరు గారు సైకిలు పక్కన పడుకోబెట్టి ముందుకొచ్చారు. ఆయన మంచి మనిషి. ఎవరితో మాట్లాడినా నోరు తెరవమని చెప్తున్నంత మెత్తగా మాట్లాడతారు. "నమస్కారం అమ్మా. మేం ఊరికే వచ్చాం. ఆరోగ్యం కోసం, నాలుగు పల్లెలు చూసినట్టూ ఉంటుందని..."

"ఊరికే!" మల్లీశ్వరత్త జనం వైపు తిరిగింది. "విన్నారా? ఇదే మాట. కాలువ అవతల చేలు తీసుకోను కొలతలకు వచ్చినోళ్లు కూడా ఇదే మాటన్నారు. ఊరికే చూసిపోదామని వచ్చామమ్మా అన్నారు. చెట్టు కింద కూర్చొని నా చేతి నీళ్లు తాగి పోయారు."

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఆ గుడ్డలేందిరా, ఒంటికి రంగేసుకున్నట్టు!"

"కార్లు లేవేమోలే పాపం."

"ఎందుకు లేవు? కారు నెత్తిన సైకిలు ఎక్కించుకొని వస్తారంట. దింపి తొక్కుతారంట. తొక్కి మళ్లా ఎక్కిస్తారంట."

"అదేం రోగం?"

"ఆ రోగానికే డాక్టర్ని ఎంట తెచ్చుకున్నారు."

జనం నవ్వారు. మావాళ్లలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వుతో గొడవ సర్దుకునేదేమో. అయితే ప్రవీణ్ కుమార్ అని బ్యాంకులో పనిచేసే కుర్రాడు, జరిగేదంతా వీడియో తీద్దామని హ్యాండిల్‌కు బిగించిన ఫోను ఊడదీసి పైకెత్తాడు. కంప సందులో నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ ఫోను లాక్కుంది.

"ఇదుగో, పటం!" అని అరిచాడు లాక్కున్నవాడు. "మన ఊరు పటం! చేల మీద నుంచి గీత కూడా గీసి ఉంది!"

ఫోను చేతులు మారింది. మేం వచ్చిన దారీ పోవాల్సిన దారీ నీలంగీతతో కనపడుతోంది. ఉప్పలగుంట పేరు చిన్న అక్షరాల్లో, దాని మధ్యగా గీత. చూపిస్తున్నది మామూలు రోడ్డేనని నాకు తెలుసు. సైకిల్ తొక్కే ప్రతివాడి ఫోనులోనూ అట్లాంటి గీత ఉంటుంది. అయితే వాళ్ల వైపు నుంచి చూస్తే అది ఎట్లా కనపడుతుందో ఆ క్షణంలో నాకు అర్థమైంది.

"ఇట్టా రా" అంది మల్లీశ్వరత్త. కంప ఒక మూల కర్రతో పక్కకు లాగి నాకు దారిచ్చింది. నాకొక్కదానికే. సైకిలు పట్టుకునే దూరాను. ముల్లు మోచెయ్యి గీరింది.

ఆమె నన్ను రోడ్డు మలుపు దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ మా చేనూ ఆమె చేనూ రోడ్డూ మూడూ కలుస్తాయి. ఆ మూల మీద మోకాలెత్తు హద్దురాయి. రాయి మీద తెల్లగా నా బాణం.

"ఇది ఎవరిది?"

"నాదే. నేనే వేశాను అత్తా."

"ఎటు చూపిస్తంది?"

నేను రాయి వైపు చూశాను. రోడ్డు అక్కడ ఎడమకు తిరుగుతుంది కాబట్టి ఎడమకు బాణం వేశాను. సైకిలు మీద వచ్చేవాడికి అది రోడ్డునే చూపిస్తుంది. రాయి ముందు నిలబడ్డ మనిషికి మాత్రం అది సూటిగా మల్లీశ్వరత్త మిరపచేను మధ్యలోకి చూపిస్తోంది.

"సున్నం అంటే ఏందో నీకు తెలియదా?" ఆమె గొంతు తగ్గింది. అరిచినప్పటి కన్నా నాకు అప్పుడే ఎక్కువ భయం వేసింది. "ముందు సున్నం పోస్తారు. ఆనక రాళ్లు పాతుతారు. ఆనక మిషనొస్తది. కాలువ అవతల నా చేను అట్టానే పోయింది. పైరు మీద ఉండంగానే పోయింది. తెల్లారి లేచి చూస్తే కంది చేలో తెల్లగీత. ఎవరు గీశారో ఇయ్యాల్టికీ తెలియదు. ఇక ఉన్నది ఇదొక్కటే. రెండో కోత కూడా కాలేదే ఇంకా. హద్దురాయి మీదే గుర్తేస్తావా? నువ్వు? ఇంకెవడన్నా వేస్తే కాళ్లిరగ్గొట్టేదాన్ని. నువ్వేశావని తెలిసి రాత్రంతా కూర్చున్నా."

నాకు ముందు రోజు సాయంత్రం గుర్తొచ్చింది. ఈ రాయి దగ్గరకు వచ్చినప్పుడు నాన్న నడక ఆపేశాడు. "రాయి మీద వద్దమ్మా" అన్నాడు. "రోడ్డు మీద వేస్తే ట్రాక్టర్లు చెరిపేస్తయ్యి నాన్నా, కనపడొద్దా?" అన్నాను. "రాయి మీద వద్దు" అని మళ్లీ అన్నాడు. కాలేజీలో పిల్లలకు చెప్పినట్టు ఆయనకు చెప్పాను, గుర్తు దూరం నుంచే కంటికి ఆనాలని, మలుపు రాకముందే కనపడాలని. ఆయన బకెట్టు రాయికి దూరంగా దించేశాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, సున్నం బకెట్టు అట్లా దించెయ్యడమేందని అనుకున్నాను. ఆయన గోళ్ల సందుల్లో ఎర్రగా ఉంది. మిరపకల్లాల్లో తాలుకాయలు ఏరే రోజుల్లో మా ఊళ్లో ఎర్రగా లేని చేతులు ఎవరివి గనక? రాయికి కింద అంతా ఎండిన బురద కట్టి ఉంటే, బండ్ల చక్రాలు చిమ్మిందనుకొని దాని మీదనే సున్నం పూశాను.

"తప్పయింది అత్తా" అన్నాను. "మాకు రోడ్డు గుర్తు తప్ప ఇంకేం కాదు. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నా చెప్తాను."

"నువ్వు ప్రమాణం చేస్తే నమ్ముతాను. నీ ఎనకాల ఉన్నోళ్ల మాట?"

అప్పుడే సాంబశివరావు గారి బుల్లెట్ వచ్చింది. ఆయన మా ఊరికి రెండుసార్లు సర్పంచ్. ఇప్పుడు పదవి లేదు కానీ పంచాయితీలు ఆయన అరుగు మీదనే తెగుతాయి. బండి ఆపి, ఎవరినీ పలకరించకుండా కాలువ తూము మీద కూర్చున్నారు. ఆయన్ని చూడగానే మా నాన్న భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా మావాళ్లందరి ముందూ చూడటం వేరు.

"ఏందమ్మాయ్ గొడవ?" అన్నారు నన్ను.

చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఫోను తెప్పించుకొని చూసి, ప్రవీణ్ కుమార్‌కు తిరిగి ఇప్పించారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చదువుకున్న పిల్ల చెప్తంది గదా. సైకిళ్లోళ్లేలే వీళ్లు, సర్వేవోళ్లు కాదు. కంప తియ్యండి, పోనియ్యండి" అన్నారు. "ఎండెక్కక ముందే పోనియ్యండి. ఒకటే మాట. మా బజారు గుండా పోయేటప్పుడు సైకిళ్లు దిగి నడిపించుకుంటా పొమ్మను. ఊరన్నాక ఒక పద్ధతుంటది."

"దానికేముందండీ, తప్పకుండా!" అన్నారు డాక్టరు గారు కంప అవతల నుంచే. ఆయన మొహం వెలిగింది. "దిగుదాం. అందరూ దిగండి. పల్లెటూరి మర్యాద."

వాళ్లందరికీ అది మర్యాదే. తొక్కి తొక్కి వచ్చారు, నాలుగడుగులు నడవటం హాయి కూడా. వాళ్లకు తెలియదు. వాళ్లను అనేది ఏమీ లేదు.

మా తాతకు సైకిలుండేది. పిడుగురాళ్ల బట్టీకి పోయి రావడానికి కొనుక్కున్నాడు. ఆ బజారు మొదట్లో దిగేవాడు, చివర ఎక్కేవాడు. వాన పడుతున్నా దిగేవాడు. ఒకసారి జ్వరంతో దిగలేక అట్లానే పోతే మర్నాడు సైకిలు మా గుడిసె ముందు చక్రాలు వంగిపోయి పడి ఉందని మా నాయనమ్మ చెప్పేది. మా నాన్న కాలానికి ఎవరూ కొట్టడం, విరగ్గొట్టడం లేదు. అయినా నాన్న దిగేవాడు. అలవాటు అనేవాడు. కాలేజీకి పోయే రోజుల్లో నేను ఆ బజారు తప్పించుకొని కాలువ కట్ట మీదుగా చుట్టూ తిరిగిపోయేదాన్ని. దిగటం ఇష్టం లేక, ఎక్కి పోయే ధైర్యం లేక.

దారి మా ఊరి మీదుగానే పోవాలని నేను పట్టుబట్టింది అందుకు. చల్ల కోసం కాదు, పల్లె అందాలు చూపిద్దామనీ కాదు. ఇంతమంది మధ్య, సైకిలు మీద కూర్చొని, ఆ బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారి పోవాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాన్నకు కూడా.

"నేను దిగనండీ" అన్నాను.

సాంబశివరావు గారు నా వైపు కొత్తగా చూశారు. "ఏందీ?"

"వాళ్లిష్టం వాళ్లది. నేను దిగను."

"దిగుదాం లేమ్మా" అన్నాడు నాన్న. ఆ పొద్దున ఆయన మొదటగా పలికిన మాట అదే. "ఎంతసేపు. నాలుగడుగులు."

"తాత కూడా నాలుగడుగులే అనుకొని ఉంటాడు నాన్నా."

డాక్టరు గారికి ఏదో తప్పుగా జరుగుతోందని అర్థమైంది గానీ ఏమిటో అర్థం కాలేదు. సైకిలు సీటు మీద చెయ్యేసి, దిగాలో ఎక్కాలో తెలియనట్టు నిలబడ్డారు.

"చదువుకున్నాక మాటలొస్తయ్యి" అన్నారు సాంబశివరావు గారు నవ్వుతూనే. "మంచిదే. మాటలు రావాలి. యోహానూ, పిల్లను బాగా చదివించావు."

నాన్న చంకలో తువ్వాలు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు.

అప్పుడు మల్లీశ్వరత్త కర్ర నేలకేసి కొట్టింది. "నీ పద్ధతి ఎవడిక్కావాలి బావా? నీ బజార్లో దిగితే నా చేను నిలబడ్తదా? అది ఎక్కి పోతదో దిగి పోతదో దాని ఇష్టం. నాక్కావాల్సింది ఒకటే." నా వైపు తిరిగింది. "ఏమే, నువ్వేశావు గదా. నువ్వే చెరుపు. నా కళ్ల ముందర, ఊరందరి ముందర చెరుపు. చెరిపి ఎక్కి పో. నేనే ఎదురుగా నిలబడి దారిస్తా."

నా గుండెల మీద బరువంతా దిగినట్టైంది. ఇంతకంటే సులువైన పని ఏముంది?

"ఎందుకు లేమ్మా మల్లీశ్వరీ" అన్నారు సాంబశివరావు గారు. "రెండు రోజులు మంచు కురిస్తే అదే పోద్ది. జనం ఎండలో నిలబడ్డారు. కంప తియ్యండి ముందు."

"ఇయ్యాల ఎండే రాలేదు గదా బావా."

నిజంగానే రాలేదు. చేల మీద ఇంకా మంచు ఉంది. ఆయన అట్లా ఎందుకన్నారని ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. సైకిలుకున్న నీళ్ల సీసా తీశాను. తుడవడానికి గుడ్డ లేదు.

"నాన్నా, తువ్వాలియ్యి."

నాన్న ఇవ్వలేదు.

"నాన్నా."

ఆయన నా వైపు చూశాడు. పొద్దుట నుంచీ నా మొహం తప్పించుకుంటున్నవాడు, అప్పుడు నేరుగా చూశాడు. నా తప్పుకు ఊళ్లో తలవంపులైందని బాధపడుతున్నాడనుకున్నాను. ఈ ఒక్క పని అయిపోతే ఆ తల మళ్లీ లేస్తుందనుకున్నాను. చెయ్యి చాపుకొని నిలబడ్డాను. చాలాసేపటికి తువ్వాలు నా చేతిలో పెట్టాడు. ఇస్తూ "ఉండనీ అమ్మా" అన్నాడు. నాకొక్కదానికే వినపడేట్టు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. నీళ్లు పోసి రుద్దాను. నిన్నటి సున్నం, ఇంకా గట్టిగా పట్టలేదు. బాణం ముక్కు పోయింది. కాడ పోయింది. సున్నం కింద ఉన్న ఎండుబురద కూడా నాని పెళ్లలు పెళ్లలుగా ఊడిరావడం మొదలైంది. రాయి కడిగినట్టు శుభ్రంగా ఉండాలని, మల్లీశ్వరత్తకు మళ్లీ అనుమానం రాకూడదని, ఇంకా నీళ్లు పోసి, ఇంకా రుద్దాను.

బురద కింద ఎర్రగా ఏదో కనపడింది.

ఇటుక రంగు మట్టేమో అనుకొని దాని మీద గట్టిగా రుద్దాను. పోలేదు. తువ్వాలుకు అంటలేదు. ఇంకో పెళ్ల ఊడింది. అది పెయింటు. అడ్డంగా ఒక గీత, దాని కింద ఒక అక్షరం, పక్కన ఏవో అంకెలు. గీత రెండు కొసలూ రాయి అంచుల దాకా పోయి, ఒకటి సూటిగా మల్లీశ్వరత్త చేను వైపూ, ఇంకోటి మా చేను వైపూ చూపిస్తున్నాయి.

నా చెయ్యి ఆగిపోయింది.

పక్కన మల్లీశ్వరత్త ఊపిరి వినపడింది. ఆమె వంగింది. వేలితో ఆ ఎర్రగీతను తడిమింది. వేలు చూసుకుంది. వేలికేం అంటలేదు.

"ఇదేందే?"

"నాకు తెలియదు అత్తా."

"సున్నం నీదన్నావు."

"సున్నం నాదే. ఇది నాది కాదు. నేను వేసేటప్పుడు బురద ఉంది. నిజం అత్తా, బురదే ఉంది."

"కాలువ అవతల రాళ్ల మీద ఉన్నది ఇదే" అంది ఆమె. అది నాతో అనలేదు. ఎవరితోనూ అనలేదు. "ఇదే ఎర్ర. ఇదే గీత."

వెనక నుంచి జనం తోసుకొచ్చారు. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు. "పైన సున్నమేసి కింద రంగు దాచిందిరా!" అని ఒకరన్నారు. "సైకిళ్లంట, చల్లంట!" అని ఇంకొకరు. ఎవరో నా సైకిలు ముందుచక్రం పట్టుకొని లాగారు. సైకిలు పక్కకు పడింది. కంప అవతల డాక్టరు గారు "వద్దండీ, వద్దండీ" అంటున్నారు. ఆయన మెత్తటి గొంతు ఎవరికీ వినపడటం లేదు.

మల్లీశ్వరత్త నా రెక్క పట్టుకుంది. జూకాలు పెట్టేటప్పుడు నా గడ్డం పట్టుకున్న చెయ్యే అది. "చెప్పు. ఎవరు పెట్టించారు నీతో? టౌనోళ్లు ఎంత ఆశ పెట్టారే నీకు? నీ చేను కూడా పోద్ది గదే దీనితో! మీ నాయన గుండె పగిలి చస్తాడు గదే!"

"నేను కాదు అత్తా! నాకేం తెలియదు!"

"నువ్వు కాకపోతే ఎవరు? రాయి మీద ఈ బురద ఎవరు మెత్తారు? బండ్లు చిమ్మితే రోడ్డు పక్క చిమ్ముద్ది. రాయి చుట్టూతా ఎట్టా చిమ్ముద్ది?"

ఆ మాట నిజం. రాయి నాలుగు పక్కలా బురద ఉంది. చేత్తో మెత్తినట్టు, సమంగా. నాలుగు వేళ్ల ఆనవాలు కూడా ఒకచోట అట్లానే ఎండిపోయి ఉంది. ముందు రోజు ఎందుకు చూడలేదు నేను? గుర్తు కంటికి ఆనుతుందా లేదా అని చూశాను గానీ, ఏ రాయి మీద వేస్తున్నానో చూడలేదు.

వేళ్ల ఆనవాళ్లలో ఒకటి పొట్టిగా ఉంది. సగం దాకానే ఉంది.

మా నాన్న కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. బట్టీలో రాయి మీద పడి పోయింది.

నేను తల తిప్పి చూసేలోపే నాన్న వచ్చాడు. జనాన్ని తోసుకొని రాలేదు, జనమే తప్పుకున్నారు. ముందుగా మల్లీశ్వరత్త చెయ్యిని నా రెక్క మీద నుంచి మెల్లగా విడిపించాడు. పడిపోయిన నా సైకిలు లేపి, స్టాండు లేని సైకిలు కాబట్టి తన నడుముకు ఆనించుకున్నాడు.

"పిల్లను వదిలెయ్యమ్మా" అన్నాడు. "సున్నం దానిది. ఎర్రది నాది. పైన మట్టి మెత్తింది కూడా నేనే."

మల్లీశ్వరత్తకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నాకూ పట్టింది. ఈ మధ్య కొన్నాళ్లు పొద్దు పొడవక ముందే కాలువ కట్ట మీదికి ఒక జీపు వచ్చేది, నాన్న అందులో ఎక్కి పోయేవాడు. కాలువ మరమ్మతు పని అన్నాడు. అమ్మ నమ్మింది. నేను ఆదివారాల్లో వచ్చి పోయేదాన్ని, అడగను కూడా అడగలేదు.

"యోహానన్నా" అంది మల్లీశ్వరత్త. ఎప్పుడూ పిలిచే పిలుపే. ఇప్పుడది ముక్కలుగా వచ్చింది. "నీకు నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు తల్లీ. రాళ్ల మీద గుర్తులు కొట్టాలి, రోజుకూలి అన్నారు. ఎక్కడెక్కడో కొట్టాను. తిరిగి తిరిగి మన రాయి దగ్గరికే వస్తదని నాకు చెప్పలా. వచ్చినాక చెయ్యనన్నాను. చెయ్యకపోతే ఏమైతదో చెప్పారు. కొట్టాను. కొట్టి, కళ్లజూడలేక మట్టి మెత్తాను."

"ఎవరు? ఎవరు చెప్పారు?"

"యోహానూ."

తూము మీద నుంచి వచ్చిన పిలుపు అది. గట్టిగా లేదు. సాంబశివరావు గారు ఎప్పుడూ గట్టిగా పిలవరు. "ఆ మాటలన్నీ రోడ్డు మీద ఎందుకు? సాయంత్రం ఇంటికాడికి రా. కూర్చొని మాట్లాడుకుందాం."

నాన్న అటు తిరిగాడు. నా చేతిలో నుంచి తువ్వాలు తీసుకున్నాడు. సున్నమూ బురదా కలిసి నీళ్లోడుతోంది అది. ఆ గొంతు వినపడితే ఆయన తువ్వాలు చంకలోకి పోతుంది. నేను ఎరిగినన్నాళ్లూ అంతే. ఆ రోజు ఆయన దాన్ని పిండలేదు, మడవలేదు. తడితడిగానే తీసి భుజం మీద వేసుకున్నాడు. చొక్కా మీదుగా తెల్లనీళ్లు కారాయి.

"నా బిడ్డ మీద చెయ్యి పడ్డాక ఇంక ఇంటికాడ మాట్లాడేది ఏముందయ్యా" అన్నాడు. తర్వాత మల్లీశ్వరత్త వైపు తిరిగాడు. "ఇందాక అడిగావు గదమ్మా, ఎవరు చెప్పారని. మళ్లా అడుగు. ఊరందరికీ వినపడేట్టు అడుగు."

సాంబశివరావు గారు తూము మీద నుంచి లేచి నిలబడ్డారు.